ఊరు కదల్లేదు... దిక్కు మారింది!

'మీదే ఊరు?' అని అడగని తెలుగువాళ్లు ఉండరు. 'అసలు ఊరంటే ఏమిటి?' అని అడిగినవాళ్లు మాత్రం ప్రపంచంలో కొద్దిమందే. ఆ కొద్దిమంది చెప్పిన సంగతుల్ని వెంటబెట్టుకుని మార్కాపురం, కంభం, గిద్దలూరు, దోర్నాల దారుల్లో ఓసారి తిరిగొద్దాం.

1970 ఫిబ్రవరి 1 రాత్రి మార్కాపురంలో నిద్రపోయినవాళ్లు కర్నూలు జిల్లా తూర్పు అంచున పడుకున్నారు. తెల్లారి లేచేసరికి ఒంగోలు జిల్లా పడమటి అంచున ఉన్నారు. చెన్నకేశవస్వామి గుడి ఉన్నచోటే ఉంది. నల్లమల కొండలు అంగుళం జరగలేదు. మారిందల్లా దిక్కు. నిన్నటిదాకా తూర్పు తాలూకాలు, ఇవాళ్టి నుంచి పడమటి తాలూకాలు!

ఆ రోజు కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు... నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి... గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు తీసి కొత్త జిల్లా కట్టారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. అలా 'పశ్చిమ ప్రకాశం' అన్న మాట వాడుకలోకి వచ్చింది. పత్రికల్లో ఆ మాట కనిపించిందంటే పక్కనే ఎండిన బోర్లో, ఫ్లోరైడు నీళ్లో, వలసబండ్లో ఉండాల్సిందే. 2022లో జిల్లాలను మళ్లీ విభజించినప్పుడు కందుకూరు నెల్లూరుకు, అద్దంకి, చీరాల బాపట్లకు వెళ్లిపోయాయి. మార్కాపురం మాత్రం ఒంగోలు చెయ్యి పట్టుకునే ఉంది. చివరికి 2025 నవంబరులో మార్కాపురం కేంద్రంగా మరో జిల్లాకు ముఖ్యమంత్రి ఆమోదం తెలిపారు. ఎర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు నియోజకవర్గాలు అందులోకి వచ్చాయి. అంచున ఉన్నది కాస్తా నడిమధ్యకు చేరింది.

ఊరు కదలకుండానే యాభై అయిదేళ్లలో తూర్పు, పడమర, నడిమి... మూడూ అయింది!

బళ్లో మనం చదువుకున్న భూగోళంలో ఈ ముచ్చట ఉండదు. నదులు, పర్వతాలు, రాజధానులు, ఏ పంట ఎక్కడ... అంతే. కానీ భూగోళశాస్త్రంలో మానవ భూగోళమని ఒక శాఖ ఉంది. ఖాళీ జాగా ఎప్పుడు 'మా ఊరు' అవుతుంది? దగ్గర, దూరం అన్నవి ఎవరు నిర్ణయిస్తారు? గీత గీసేది ఒకరైతే దాన్ని మోసేది ఎవరు? ఇలాంటి ప్రశ్నల మీద జీవితాలు ఖర్చుపెట్టిన పెద్దలు అందులో ఉన్నారు. వాళ్లలో ఎవరూ గిద్దలూరు బస్టాండులో దిగినట్టు లేరు. అయినా వాళ్ల మాటలు ఇక్కడ చక్కగా అతుకుతాయి.

కూతవేటు దూరం

ఈ పల్లెల్లో పెద్దవాళ్లను దారి అడిగితే కిలోమీటర్లు చెప్పరు. 'ఎంతోనా, కూతవేటు దూరమే' అంటారు. గొంతెత్తి పిలిస్తే వినబడేంత దూరమన్నమాట. జానెడు పొట్ట, మూరెడు పూలు, బారెడు పొద్దు, నిలువెత్తు మనిషి... తెలుగువాడి కొలతబద్దలన్నీ ఒంట్లోంచే పుట్టాయి.

యీ-ఫూ తువాన్ ఈ మాటలు వింటే మురిసిపోయేవాడు. 1930లో చైనాలోని తియాన్‌జిన్‌లో పుట్టాడాయన. తండ్రి దౌత్యాధికారి కావడంతో చిన్నతనమంతా దేశాలు తిరగడంతోనే సరిపోయింది. చివరికి అమెరికాలో ఆచార్యుడిగా స్థిరపడి, 2022లో కన్నుమూశాడు. సొంత ఊరంటూ నిలకడగా లేని మనిషే ఊరి గురించి అంత లోతుగా ఆలోచించడం విచిత్రమేమీ కాదేమో. 1974లో రాసిన పుస్తకంలో మనిషికి తన నేల మీద ఉండే మమకారానికి 'టోపోఫీలియా' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1977లో జాగాకూ చోటుకూ తేడా ఏమిటో వివరిస్తూ మరో పుస్తకం వేశాడు. ఆయన లెక్కలో జాగా అంటే కదలడానికి వీలున్నది. చోటు అంటే ఆ కదలికలో మనం ఆగినది. ఆగి, మసలి, కష్టసుఖాలు పడితేనే జాగా చోటవుతుంది.

అర్థం కాలేదా? కొత్తకోడలిని గుర్తుచేసుకోండి. అత్తారింటికొచ్చిన మొదటిరోజు ఆ వీధి ఆమెకు వట్టి జాగా. బావి ఎటుందో, ఎవరి గుమ్మం ముందు తలొంచుకుని నడవాలో, ఏ కుక్క కరుస్తుందో తెలియదు. ఏడాది తిరిగేసరికి చీకట్లో దీపం లేకుండా పెరటి తలుపు గడియ తీస్తుంది. గోడలు అవే, వీధి అదే. మధ్యలో జరిగింది బతకడం.

ప్రతి సమాజమూ తన లోకానికో నడిమి బిందువును పెట్టుకుని, దాని చుట్టూ దిక్కుల్ని పేర్చుకుంటుందని కూడా తువాన్ రాశాడు. మన పల్లెల్లో ఆ బిందువు పేరు బొడ్రాయి. ఊరికి బొడ్డు! దాన్ని ప్రతిష్ఠించిన తర్వాతే అది ఊరని లెక్క. అంతకంటే పెద్ద లెక్క ఒకటి త్రిపురాంతకంలో ఉంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని మన పెద్దల మాట. దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, తూర్పున త్రిపురాంతకం. ఒంగోలు నుంచి చూసినవాళ్లకు త్రిపురాంతకం జిల్లా కొస. శ్రీశైలం నుంచి చూస్తే అదే సింహద్వారం. ఒకే ఊరు ఒకరికి పెరడు, మరొకరికి గుమ్మం.

ఇంటిపేరులో మోసుకెళ్లిన ఊరు

బేస్తవారిపేట దగ్గర మోక్షగుండం అనే ఊరుంది. మీరు వెళ్లకపోయినా ఆ పేరు మీకు తెలుసు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య! ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. పూర్వీకులు మాత్రం ఈ మోక్షగుండం నుంచి వలస వెళ్లారు. పొలం రాలేదు, ఇల్లు రాలేదు. ఊరిపేరు మాత్రం ఇంటిపేరై వాళ్లతో నడిచింది. దేశమంతా ఆనకట్టలు, కాలువల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా, నీళ్లకు కటకటలాడే ఓ మెట్ట ప్రాంతపు పల్లె పేరు పలుకుతూనే ఉంది.

తెలుగువాళ్ల ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లు ఎన్నో! ఎప్పుడో ఏ కరువులోనో, ఏ దండయాత్రలోనో వదిలొచ్చిన ఊరు తరతరాలుగా సంతకంలో కూర్చుంటుంది. మనిషి ఊళ్లో ఉంటాడన్నది సగం నిజం. ఊరు కూడా మనిషిలో ఉంటుంది.

అలా ఉండే ఊళ్లు తగ్గిపోతున్నాయని బెంగపడ్డవాడు ఎడ్వర్డ్ రెల్ఫ్. టొరంటోలో పనిచేసిన ఈ భూగోళవేత్త 1976లో ఒక పుస్తకం రాశాడు. ఏ ఊరికెళ్లినా ఒకేరకం దుకాణాలు, ఒకేరకం రోడ్లు, ఒకేరకం బోర్డులు... చోటుకుండే ప్రత్యేకత చెరిగిపోయి 'చోటులేనితనం' వస్తోందన్నాడు. ఒక ఊరిని లోపలి మనిషిగా ఎరగడం వేరు, బయటి మనిషిగా చూడటం వేరనీ చెప్పాడు. రెండో మాట బంగారం. మొదటిదాంట్లో మాత్రం పట్నవాసపు పెదవి విరుపు కొంచెం ఉంది. గిద్దలూరులోనో కొమరోలులోనో ఆడపిల్లలకు కాలేజీ, మరుగుదొడ్లున్న బస్టాండు, రాత్రి పూట వైద్యుడు దొరికే ఆసుపత్రి అన్ని ఊళ్లలాగే వస్తే ఎవరూ బాధపడరు. అన్ని ఊళ్లలాగే లేకపోవడమే కదా ఇక్కడి వాళ్ల గోడు!

పలకలో ప్రపంచం

రెల్ఫ్ బెంగకు గట్టి జవాబు ఇంగ్లండు నుంచి వచ్చింది. ఆమె పేరు డోరీన్ మాసీ. 1944లో మాంచెస్టర్‌లో పుట్టి, మామూలు జనానికి ప్రభుత్వం కట్టించిన ఇళ్ల పేటలో పెరిగింది. ఓపెన్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, 2016లో మరణించింది. 1991లో ఆమె రాసిన చిన్న వ్యాసం ఇప్పటికీ భూగోళ విద్యార్థులకు పాఠమే. అందులో ఆమె చేసిందల్లా లండన్‌లో తానుండే కిల్బర్న్ వీధిలో నడవడం. ఐరిష్ వాళ్ల పబ్బులు, అద్దాల వెనక చీరలు వేలాడే కొట్టు, గల్ఫ్ యుద్ధం గురించి దిగులుపడే ముస్లిం దుకాణదారు, నెత్తిమీద నుంచి పోయే విమానాలు... ఇవన్నీ తీసేస్తే మిగిలే 'అసలు కిల్బర్న్' ఏదీ లేదంది. చోటంటే చుట్టూ గోడ కట్టుకున్న కోట కాదు, ఎక్కడెక్కడి దారులో వచ్చి కలిసిన కూడలి అని ఆమె తేల్చిన మాట.

ఆ కళ్లజోడు పెట్టుకుని కంభం చెరువు గట్టెక్కండి. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేస్తే ఏర్పడిన చెరువది. విజయనగర కాలపు పని. కట్టించింది వరదరాజమ్మ అని చెబుతారు. ఆమె గజపతుల ఆడపడుచు, విజయనగరం కోడలు. అంటే ఒడిశా నుంచి ఒక పెళ్లిబంధం, హంపీ నుంచి ఒక రాజ్యాధికారం, నల్లమల నుంచి ఒక వాగు... మూడు దారులూ కలిసినచోట కంభం పొలాలు తడిశాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. 'మా చెరువు' అని కంభంవాళ్లు గర్వంగా అంటారు. అనాలి కూడా. ఆ 'మా'లో ఎందరెందరు ఉన్నారో అన్నదే మాసీ చెప్పిన సంగతి.

మార్కాపురం పలకదీ అదే కథ. నాలుగైదు తరాల తెలుగు పిల్లలు 'అ ఆ'లు దిద్దింది ఇక్కడి రాతి మీదే. పిల్లాడు మార్కాపురం చూసి ఉండకపోవచ్చు, మార్కాపురం మాత్రం వాడి సంచిలో ఉండేది. నోటుపుస్తకాలొచ్చాక పలక వెనక్కి తగ్గింది. ఆ రాయే గోడలకు, నేలకు అలంకారమై విదేశాలకు ఓడెక్కింది. ఎక్కడో ఎవరింటి గోడకో అతికిన పలకరాయి అందంగానే ఉంటుంది. దాన్ని కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందన్న సంగతి ఆ గోడ చెప్పదు. రాయి సముద్రం దాటుతుంది, దుమ్ము ఊళ్లోనే ఉంటుంది.

మాసీ దీనికో పేరు పెట్టింది... అధికార జ్యామితి. లోకం దగ్గరైపోయిందని అందరూ అంటున్నారు సరే, ఎవరికి దగ్గరైంది? కొందరు కోరుకున్నప్పుడు కదులుతారు, కోరినదాన్ని కదిలిస్తారు. కొందరు కదలక తప్పక కదులుతారు. కొందరు కదలాలన్నా కదల్లేరు. ఒకే వీధిలో చూడండి. ఒక ఇంటబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. పక్కింటి దంపతులు పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి హైదరాబాదులో ఇటుకలు మోస్తున్నారు. ఎదురింటి ముసలాయన కంటి ఆపరేషన్‌కు ఒంగోలు వెళ్లడానికి తోడులేక ఆరు నెలలుగా వాయిదా వేస్తున్నాడు. ముగ్గురిదీ ఒకే పిన్‌కోడు. ముగ్గురి లోకాల సైజు మాత్రం ఒకటి కాదు. వెనెజువేలా అధ్యక్షుడు హ్యూగో ఛావెజ్‌కు ఈ మాట ఎంత నచ్చిందంటే, 2007లో తన కార్యక్రమంలో దాన్ని నినాదంగా పెట్టుకున్నాడు. అక్కడ ఏం జరిగిందన్నది వేరే కథ.

ఆఖరి బస్సు

రైళ్లు, విమానాలు, ఫోన్లు వచ్చి కాలం దూరాన్ని మింగేస్తోందని చెప్పినవాడు డేవిడ్ హార్వీ. 1935లో ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. 1989లో రాసిన పుస్తకంలో ఈ పరిణామాన్ని కాల-స్థల సంకోచమన్నాడు. పెట్టుబడికి తొందర ఎక్కువ, సరుకు ఎంత త్వరగా చేరితే అంత లాభం కాబట్టి అది దారుల్ని తనకు అనువుగా వేసుకుంటుందన్నది ఆయన వాదన. మన రైలుమార్గాన్నే తీసుకోండి. గుంటూరు నుంచి దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల, గుంతకల్లు వెళ్లే ఈ లైను 19వ శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే వేసింది. వందేళ్ల తర్వాత మీటర్‌గేజ్ తీసి బ్రాడ్‌గేజ్ చేశారు. కంపెనీకి కావాల్సిన రెండు కొసల్నీ అది కలిపింది. 1970లో జిల్లా కేంద్రం ఒంగోలైంది. పట్టాలు మాత్రం ఒంగోలు వైపు తిరగలేదు కదా! గిద్దలూరు వాళ్లు రైలెక్కి గుంటూరు వెళ్లొచ్చు, నంద్యాల వెళ్లొచ్చు. జిల్లా కేంద్రానికి పోవాలంటే మాత్రం బస్సే గతి.

ఈ బస్సు సంగతిని శాస్త్రంగా చేసినవాడొకడున్నాడు. స్వీడన్ పెద్దాయన టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్. లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు, 2004లో పోయాడు. యువకుడిగా ఆస్బీ అనే గ్రామీణ ప్రాంతపు చర్చి రిజిస్టర్లు ముందేసుకుని ఒక్కొక్క మనిషీ ఎప్పుడు ఎక్కడ ఉన్నాడో గుర్తించుకుంటూ పోయాడు. 1970లో... మన జిల్లా పుట్టిన ఏడాదే... అప్పటి పండితులకు చురక వేస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. మీ లెక్కల్లో జనాభా ఉంది, సరుకు ఉంది, మనిషి ఏడీ అని దాని సారాంశం.

మనిషికి రోజుకు ఇరవై నాలుగు గంటలే. ఒకేసారి రెండుచోట్ల ఉండలేడు. రాత్రికి ఇల్లు చేరాలి. కాబట్టి పొద్దున గడప దాటినప్పటి నుంచి రాత్రి తిరిగొచ్చేదాకా అతను చేరగలిగిన ప్రాంతమంతా ఒక పట్టకం ఆకారంలో ఉంటుందన్నాడాయన. ఆ పట్టకాన్ని బిగించేవి మూడు. ఒకటి, ఒంటి పరిమితి... తినాలి, నిద్రపోవాలి, నడవగలిగినంతే నడవాలి. రెండు, కలవాల్సినవాళ్లు అదే సమయానికి అక్కడ ఉండాలి. మూడు, అధికారం... ఆఫీసు వేళలు, గేట్లు, అనుమతులు.

ఒక తల్లిని ఊహించుకోండి. కొమరోలు మండలంలో ఓ పల్లె. పింఛను ఆగిపోయింది. కింది ఆఫీసుల్లో పని కాలేదు. సోమవారం కలెక్టర్ గారు అర్జీలు తీసుకుంటారని ఎవరో చెప్పారు. అది పాత జిల్లా రోజుల మాట కాబట్టి వెళ్లాల్సింది ఒంగోలుకే. గిద్దలూరు నుంచే సుమారు 145 కిలోమీటర్లు. బస్సులో దాదాపు నాలుగు గంటలు. అంతకుముందు పల్లె నుంచి ఆటో. కోడి కూయకముందే లేచి, గేదెకు మేత వేసి, పిల్లలకు అన్నం మూతపెట్టి బయల్దేరితే, మార్కాపురం, పొదిలి దాటి కలెక్టరేటు చేరేసరికి క్యూ బయటిదాకా ఉంటుంది. టోకెను, అర్జీ రాసిపెట్టేవాడికి డబ్బులు, మధ్యాహ్నం భోజన విరామం. మూడింటికి బయటపడకపోతే రాత్రికి ఇల్లు చేరడం కష్టం. ఆఖరి బస్సు పోతే బస్టాండులోనే పడక. ఒక రోజు కూలి పోయింది, బస్సు చార్జీలు పోయాయి. కాగితం మీద ముద్ర పడిందా అంటే... 'వచ్చే సోమవారం రామ్మా' అన్నారు.

పటంలో చూస్తే ఆమెకూ కలెక్టరేటుకూ మధ్య ఉన్నది దూరం. హేగర్‌స్ట్రాండ్ లెక్కలో ఆమె పట్టకం ఒంగోలును అందుకోలేదు, అంతే. నంద్యాల అందులో సగం దూరం కూడా ఉండదు. కానీ అక్కడ ఆమె అర్జీ చెల్లదు. కొత్త జిల్లా వల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్లకు ఇదొక జవాబు. జిల్లా కార్యాలయం అరవై కిలోమీటర్ల దూరానికి వస్తే అదే తల్లి గేదెకు మేత వేసి వెళ్లి, సాయంత్రం పాలు పిండే వేళకు తిరిగొస్తుంది. అయితే బోర్డు మారితే చాలదు. అధికారి ఆ రోజు సీట్లో ఉండాలి, పల్లెకు బస్సు ఉండాలి. రెండో ముడి, మూడో ముడి విప్పకపోతే మొదటిది వదులు చేసి లాభం లేదు.

ఏ ఊరు కేంద్రం కావాలన్న లెక్కలు వేసినవాడూ ఉన్నాడు. జర్మనీకి చెందిన వాల్టర్ క్రిస్టాలర్. చిన్న ఊళ్లకు ఒక సంత ఊరు, సంత ఊళ్లకు ఒక పట్నం... ఇలా తేనెపట్టు గదుల్లా కేంద్రాలు అమరుతాయని 1933లో రాశాడు. బేస్తవారమంటే గురువారం. బేస్తవారిపేట అనగానే వారపు సంత గుర్తుకు రాక మానదు. కేంద్రాలు శాశ్వతం కాదనడానికీ ఇక్కడే రుజువుంది. బ్రిటిష్ కాలంలో తాలూకా హోదా కంభానిది, తర్వాత అది గిద్దలూరుకు పోయింది. క్రిస్టాలర్ గురించి చెప్పుకోవాల్సింది మరొకటుంది. పోలెండును ఆక్రమించాక నాజీల ప్రణాళికా విభాగంలో ఆయన పనిచేశాడు. ఉన్న ఊళ్లను ఖాళీ చేయించి తేనెపట్టు గదుల ప్రకారం కొత్తవి పేర్చాలన్న పథకాలకు ఆ అందమైన సిద్ధాంతం పనికొచ్చింది. పటం మీద గీత ఎంత నున్నగా ఉంటే అంత భయపడాలేమో!

అడవికి మూడు పటాలు

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే గీతల సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. ఫ్రెంచి తత్వవేత్త ఆన్రీ లెఫెవ్ర్ భూగోళవేత్త కాడు. కానీ 1974లో ఆయన రాసిన పుస్తకం భూగోళశాస్త్రాన్నే మలుపు తిప్పింది. స్థలం దానంతటదే ఉండదు, సమాజం దాన్ని తయారుచేస్తుందన్నాడు. ఒకే స్థలంలో మూడు పొరలుంటాయని కూడా అన్నాడు. రోజూ కాళ్లతో, చేతులతో వాడుకునేది ఒకటి. అధికారులు, ఇంజినీర్లు కాగితం మీద గీసేది ఒకటి. కథల్లో, నమ్మకాల్లో, జ్ఞాపకాల్లో బతికేది ఒకటి.

నల్లమలలో మూడూ కనబడతాయి. 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచీ ఇది రిజర్వు అడవి. బీట్లు, కంపార్టుమెంట్లు, కొలతలు. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చాక కోర్ ప్రాంతమనీ బఫర్ అనీ మరో గీత. రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద వాహనాలకు ఆంక్షలు. పులికి అది అవసరమే. అదే అడవిలో చెంచుకు కాగితం లేదు. ఏ చెట్టుకు తేనెపట్టు పడుతుందో, ఏ బండ కింద ఎండాకాలంలోనూ చెలమ ఉంటుందో, ఏ గూడెం వాళ్లు ఎంతమేర ఏరుకోవాలో నోటిమాటగా నడిచింది. కృష్ణకు అవతలి అమ్రాబాద్ చెంచులతో గడిపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో తెచ్చిన పుస్తకంలో ఇలాంటి హద్దుల గురించి రాశాడు. ఇక మూడో పొర... మల్లన్న చెంచుల అల్లుడు! శ్రీశైలం కొండ వాళ్లకు పుణ్యక్షేత్రమే కాదు, చుట్టరికం కూడా.

మూడు పటాల్లో ఒకదానికే రబ్బరు స్టాంపు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మిగతా వాటినీ లెక్కలోకి తీసుకోమంది. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు వాళ్ల ఆవాసం మీద సామూహిక హక్కు ఉందని ఒప్పుకుంది. చట్టం ఒప్పుకోవడం వేరు, రేంజి ఆఫీసులో పటం మారడం వేరు.

నీళ్లొచ్చేలోపు

ఈ సిద్ధాంతాలన్నీ ఒకచోట కలిసి కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలంటే వెలిగొండ దగ్గరికి రావాలి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులు మూసి నల్లమలసాగర్ జలాశయం. మళ్లించే నీళ్లు 43.5 టీఎంసీలు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరన్నది లక్ష్యం. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. ఆ ఏడాది మార్చిలో జాతికి అంకితం చేశారు కూడా. అప్పటికీ జలాశయంలోకి నీళ్లు రాలేదు. ముంపు ఊళ్లవాళ్లకు పునరావాసం పూర్తికాకపోవడం అందుకో కారణం.

మునిగే ఊళ్లు పదకొండు. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ... కుటుంబాలు ఏడువేల పైచిలుకు. నీళ్లు వద్దని వాళ్లు కూడా అనరు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన ప్రాంతంలో అలా అనే మనిషి దొరకడు. వాళ్ల పేచీ అంతా పరిహారం దగ్గర, గడువు దగ్గర. దాదాపు మూడు దశాబ్దాలు 'మునిగిపోయే ఊరు' అన్న ముద్రతో బతకడం సామాన్యం కాదు. రేపో మాపో ఖాళీ చేసే ఊళ్లో పక్కా ఇల్లు కట్టుకోవాలా వద్దా? సంబంధం చూడ్డానికొచ్చినవాళ్లు 'మీ ఊరు ఉంటుందా?' అని అడిగితే ఏం చెప్పాలి?

పరిహారం కొలతల పుస్తకంలో ఇంటికి చదరపుటడుగులు, పొలానికి ఎకరాలు, చెట్టుకు ఇంత, బావికి ఇంత అని ఉంటాయి. జాగాకు ధర కట్టడం ప్రభుత్వానికి తెలుసు. చోటుకు ఎలా కట్టాలో తువాన్ కూడా చెప్పలేదు. పునరావాస కాలనీలో ప్లాట్లు వరుస నంబర్ల మీద ఇస్తారు. పాత ఊళ్లో గోడ పక్క గోడగా బతికిన అక్కాచెల్లెళ్లు కొత్త కాలనీలో ఈ కొసకూ ఆ కొసకూ పడితే కూతవేటు దూరం కాస్తా ఫోను దూరమవుతుంది. జ్వరం వస్తే గంజి పట్టుకొచ్చే చెయ్యి దూరమవుతుంది. ఇరుగుపొరుగును విడదీయకుండా, పాత వీధుల వరుసలోనే ప్లాట్లివ్వడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. వీధి వరుస తెలిస్తే చాలు.

అందుకు పనికొచ్చే ఉపాయం ఒకటి 1960లోనే వచ్చింది. కెవిన్ లించ్ అనే అమెరికా నగర ప్రణాళికా నిపుణుడు బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ వాసులను కూర్చోబెట్టి, మీ ఊరి పటం గుర్తున్నట్టు గీయమన్నాడు. స్కేలు లేదు, కొలత లేదు. జనం గీసిన గీతల్లోంచే ఏ మలుపు వాళ్లకు ముఖ్యమో, ఏ చెట్టు దగ్గర ఆగుతారో, ఏ వీధిని లెక్కలోకే తీసుకోరో బయటపడింది.

మార్కాపురం బడుల్లోని తొమ్మిదో తరగతి పిల్లలు ఒక సెలవు రోజు ఈ పని చేయొచ్చు. మూడు చార్టులు, నాలుగు స్కెచ్ పెన్నులు. ముంపు ఊరి అరుగు మీద కూర్చున్న ఎనభై ఏళ్ల అవ్వను పలకరించాలి. ఎవరింటి పక్కన ఎవరిల్లు, బొడ్రాయి ఎక్కడ, పీర్ల చావిడి ఎటు, పెళ్లిమేళం ఏ మలుపు దాకా వినబడేది, ఆడవాళ్లు ఏ బావి దగ్గర కష్టం చెప్పుకునేవాళ్లు... ఇవన్నీ ఆమెను అడిగి గీసుకోవాలి. సర్వే నంబర్లు ఎలాగూ రెవెన్యూ ఆఫీసులో ఉంటాయి.